మంచుటెడారిలో నీటిజాడ
(ఆకాశమునుండి నీటిపటమును వ్రాయు విధము)



గడచిన సంచికలలో బావినీటి మట్టమును కొలుచుటను గుఱించియు, చెఱువు ఆయకట్టు లెక్కను గుఱించియు వ్రాసియుంటిమి. అటుపిమ్మట సంఘసభ్యులు కొందఱు, "ఉపగ్రహములు ఆకాశమునుండి మన చేల తేమను చూచుచున్నవని చెప్పుచున్నారే, అది యెట్లు? అది కన్నా, కొలతా, లేక ఊహయా?" యని మమ్ము అడుగుచున్నారు. మన పొలములనే ఉదాహరణముగా గైకొని జవాబు చెప్పవచ్చును గాని, మన నేలమీద పైరు, చెట్టు, కాలువ, ఊరు, మబ్బు అన్నియు కలగలసి యుండుటచేత పాఠము చిక్కుపడును. పైరు గాని చెట్టు గాని లేక, నేలయు, ఱాయియు, మంచును, నీరును మాత్రమే యున్న చోట ఈ విద్యను నేర్చుకొనుట తేలిక. అట్టి చోటు భూమిపై నొకటి కలదు. అది దక్షిణధ్రువమును చుట్టియున్న అంటార్కిటికా ఖండమునందలి మక్‌మర్డో పొడిలోయలు. ఈ నెల పాఠమునకు ఆ లోయలే మన చేను.

మేము బడిలో చదివిన భూగోళమున ఎడారి యనగా ఇసుక, ఒంటె, ఖర్జూరపు చెట్టు. ఆ బొమ్మ పూర్తిగా తప్పు కాదు గాని చాలదు. ఎడారికి గుఱుతు వేడిమి కాదు, నీటిలేమి. సంవత్సరమున 250 మిల్లీమీటర్లలోపు వాన గాని మంచు గాని పడుచు, మిక్కిలి వెచ్చని నెలలో సైతము సగటు ఉష్ణము 10 డిగ్రీల సెంటీగ్రేడుకు మించని భూమిని ధ్రువపుటెడారి యందురు. అంటార్కిటికాలో నూటికి ఒక పాలుకంటె తక్కువ భాగము మాత్రమే మంచు కప్పుకొనక బయటపడియున్నది. అందులో మిక్కిలి పెద్దది ఈ పొడిలోయల ప్రాంతము, సుమారు 4,500 చదరపు కిలోమీటర్లు. రాబర్ట్ ఫాల్కన్ స్కాట్ అను నావికుడు 1903లో తన మనుష్యులతో ఎత్తైన మంచు పీఠభూమినుండి దిగివచ్చుచు, ఇప్పుడు టేలరు లోయ యనబడుచున్న దానిని మొదట చూచెను. ఖండపు మంచు ఈ లోయలలోనికి దొరలి రాకుండ పర్వతశ్రేణి గట్టువలె అడ్డుపడియున్నది. పీఠభూమినుండి దిగు గాలులు పొడిగా, బలముగా వీచి, పడిన కొద్దిపాటి మంచును నిలువనీయవు.

మన అనంతపురము జిల్లాలో ఏటి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దానిని మనము కరవుసీమ యనుచున్నాము. పొడిలోయల అడుగునేలపై సంవత్సరమంతయు పడు మంచును కరగించి కొలిచినచో 3 మొదలు 50 మిల్లీమీటర్లే. అనగా మిక్కిలి మంచి సంవత్సరమున రెండంగుళములు. అందులోను ఎక్కువ పాలు నేలకు దక్కదు. ఇంటిలో కర్పూరపు బిళ్లను తెఱచి యుంచినచో అది కరగి నీరు కాకయే గాలిలో కలసిపోవుట అందఱు నెఱిగినదే గదా. అక్కడి పొడిగాలిలో మంచు కూడ అట్లే నీరు కాకుండనే ఆవిరియై పోవును. ఏటి సగటు ఉష్ణము సున్నకు దిగువన 15 మొదలు 30 డిగ్రీలు.

ఇట్టి చోట నీరెక్కడిది? ఈ ప్రశ్నకు ఐదారు జవాబులున్నవి. వానిని ఎఱుగనిదే పటమును వ్రాయుటకు వీలులేదు.

మొదటిది, కొండవాలులనుండి లోయలోనికి వ్రేలాడు హిమానీనదములు. డిసెంబరు, జనవరి నెలలు అక్కడ నడివేసవి. ఆ దినములలో సూర్యుడస్తమింపడు. హిమానీనదముల అంచులు కొంచెము కరగి సన్నని వాగులు పాఱును. ఈ వాగులు సంవత్సరమున నాలుగు మొదలు పండ్రెండు వారములు మాత్రమే బ్రదికియుండును. వానిలో ఆనిక్స్ అనునది 32 కిలోమీటర్ల పొడవుగలది. ఖండమంతటిలోను పొడవైన నది యదియే. చిత్రమేమనగా, అది సముద్రమునకు పోవక, సముద్రపువైపు హిమానీనదమున పుట్టి లోనికి పాఱి, వాండా యను సరస్సున కలియును. రెండవది, అట్టి సరస్సులు. వానిపై మూడు మొదలు ఆఱు మీటర్ల దళసరి మంచుపలక ఏడాది పొడవునను ఉండును. దాని క్రింద నీరు నీరుగానే యున్నది. వేసవిలో ఒడ్డున మాత్రము మంచు కరగి కందకమువలె నీటిపట్టీ యేర్పడును. మూడవది, శీతకాలపు గాలులు తెచ్చి పల్లములలో పోగుచేసిన మంచుకుప్పలు. వీనిలో అధికభాగము ఆవిరియై పోయినను, కరగిన కొద్దిపాటి నీరు కుప్ప క్రింది నేలను చెమ్మ చేయును. నాలుగవది, నేలలోపలి నీరు. పై పొర ఎండియుండగా, జానెడు మొదలు మూరెడు మూరెడున్నర లోతున ఎన్నడును కరగని గడ్డకట్టిన నేల యున్నది. వేసవిలో పై పొర కరగినప్పుడు ఆ గట్టి అడుగుపై నీరు పల్లమువైపు మెల్లగా దిగును. పైకి వాగు కనబడదు, వాలువెంబడి నల్లని తేమచార మాత్రము కనబడును. దీనిని మనము తేమజాడ యందము.

ఐదవది ఉప్పు. వానకాలమున మన ఇంటి ఉప్పుకుండ చెమ్మగిల్లును. గాలిలోని తేమను ఉప్పు లాగుకొనుటచేత అట్లగును. పొడిలోయల నేలలో వేలయేండ్లుగా కడుగబడక నిలిచిన ఉప్పులు, ముఖ్యముగా కాల్షియము క్లోరైడు, ఇట్లే గాలినుండి తేమను త్రాగి నేలను నల్లబఱచును. డాన్ జువాన్ అను మడుగు 1961లో కనుగొనబడినది. దాని నీరు ఎంత చిక్కని ఉప్పునీరనగా, సున్నకు దిగువన సుమారు 50 డిగ్రీల చలివచ్చు వఱకు గడ్డకట్టదు. నీరున్నదే గాని, అందులో బ్రదుకునది యేదియు దాదాపు లేదు. పటముపై "ఇచ్చట నీరు కలదు" అని వ్రాసినంత మాత్రమున అది పనికివచ్చు నీరని తలపరాదని ఈ మడుగు చూపుచున్నది. చవుడునేల బావులు గల సోదరులకు ఈ మాట విప్పిచెప్పనక్కఱలేదు.

నీటిని వెదకు శ్రమ దేనికని అడుగవచ్చును. ఆ లోయలలో మొక్క లేదు, మృగము లేదు. అయినను నేలలో నులిపురుగులున్నవి. మన టమాట, వంగ వేళ్లను బుడిపెలు కట్టించు నులిపురుగులకు ఇవి దూరపు చుట్టములు, కాని ఇవి సూక్ష్మజీవులను తిని బ్రదుకునవి. వాగుల అడుగున పాచి చాపవలె పఱచుకొని యుండును. అక్కడక్కడ నాచు కలదు. నీరు లేనప్పుడు ఇవి యన్నియు ఒరుగులవలె ఎండి, చావక, కదలక యుండును. నీరు తగిలినప్పుడు మరల లేచును. 1994లో శాస్త్రజ్ఞులు, సుమారు రెండు దశాబ్దములు నీరెఱుగని ఒక పాతవాగు మార్గములోనికి నీటిని మరలించిరి. ఎండిన పాచి వారము దినములలోపలనే తిరిగి జీవించెను. కావున నీరెక్కడ ఎంతకాలము నిలుచునో తెలిసిన యెడల జీవమెక్కడ ఉండునో తెలియును. నీటిదారి మారిన యెడల జీవపు దారియు మారును.

నాలుగువేల అయిదువందల చదరపు కిలోమీటర్లను ఏటేట కాలినడకను తిరిగి చూచుట అసాధ్యము. మనుష్యులు సాధారణముగా అక్టోబరు మొదలు ఫిబ్రవరి వఱకు మాత్రమే ఆ లోయలలో పనిచేయుదురు. అడుగుపడిన చోట ఎండినేల చెదరి, ఆ గుఱుతు అనేక సంవత్సరములు మానదు. అందుచేత ఆకాశపు కన్ను అవసరమైనది.

ఇక అసలు పాఠమునకు వత్తము. ఉపగ్రహము నీటిని చూడదు. వెలుతురును చూచును. సూర్యుని వెలుతురు నేలపై పడి తిరిగి పైకెగయునప్పుడు, ఏ రంగు కిరణము నూటికి ఎన్నిపాళ్లు తిరిగివచ్చెనో కొలుచును. మన కంటికి కనబడు నీలి, పచ్చ, ఎఱుపు కిరణములే గాక, ఎఱుపునకు ఆవల కనబడని పరారుణ కిరణములను గూడ వేర్వేఱుగ కొలుచును. నీరు పచ్చకిరణమును కొంత మరల పంపును గాని, పరారుణమును మ్రింగివేయును. మంచు కంటికి మిక్కిలి తెలుపు, కాని దూరపు పరారుణమున అది దాదాపు నలుపు. మబ్బు రెండింటను తెలుపు. ఈ భేదములే విద్యకు మూలము.

లెక్కను చేసి చూతము. పాఠమునకై అంకెలను గుండ్రముగా తీసికొనుచున్నాము. ఒక చోట పచ్చకిరణము నూటికి 8 పాళ్లు, సమీప పరారుణము 2 పాళ్లు తిరిగివచ్చె ననుకొందము. పెద్దదానినుండి చిన్నదానిని తీసివేసి, ఆ శేషమును రెండింటి మొత్తముతో భాగింపవలెను. 6ను 10తో భాగించగా 0.6 వచ్చును. దీనికి నీటిసూచిక యని పేరు. 1996లో మెక్‌ఫీటర్స్ అను శాస్త్రజ్ఞుడు దీనిని ప్రచురించెను. సూచిక సున్నకు పైన నున్న అది నీరగుటకు అవకాశము మెండు. ఇప్పుడు ఎండినేలను చూడుడు. పచ్చ 15, పరారుణము 25. పచ్చనుండి పరారుణమును తీసివేయగా ఋణము 10, మొత్తము 40, సూచిక ఋణము 0.25. నీటికిని నేలకును భేదము స్పష్టము. ఇట్లే పచ్చకును దూరపు పరారుణమునకును ఇదే లెక్క చేసినచో మంచు బయటపడును. మంచు 90, 10 అయినచో 0.8, మబ్బు 70, 50 అయినచో 0.17. సాధారణముగా 0.4కు పైబడినదానిని మంచుగా గణింతురు.

ఇంతవఱకు సుఖము. తడినేలకు వచ్చుసరికి ఈ లెక్క తడబడును. తడినేలకు పచ్చ 8, పరారుణము 12 అనుకొనుడు. శేషము ఋణము 4, మొత్తము 20, సూచిక ఋణము 0.20. ఎండినేలకు ఋణము 0.25 గదా, రెంటికిని భేదము దాదాపు లేదు. సూచికను మాత్రమే నమ్మినవాడు తేమనేలను ఎండినేలగా వ్రాయును. అయితే అంకెలను మరల చూడుడు. పచ్చ 15నుండి 8కి, పరారుణము 25నుండి 12కు పడినవి. రంగు మారలేదు, వెలుగు సగమైనది. దుక్కినేలపై చెంబుడు నీళ్లు చల్లినచో ఆ మేర నల్లబడుటను మనము దినదినము చూచుచున్నాము. మట్టి రేణువుల చుట్టు నీటిపొర చేరగా వెలుతురు వెనుకకు చెదరక లోలోపలికి దిగి అచ్చటనే యింకిపోవును. కావున తడినేలకు గుఱుతు నలుపు.

మంచిదే. కాని నల్లనిదంతయు తడి కాదు. పొడిలోయలలో డోలరైటు అను నల్లఱాయి విస్తారముగా కలదు. అది ఎండియున్నను నలుపే. మఱియొక చిక్కు నీడ. ఆ లోయలు దక్షిణమున 77 డిగ్రీల అక్షాంశమునకు ఆవల నున్నవి. అక్కడ నడివేసవి మధ్యాహ్నమున సైతము సూర్యుడు సుమారు 36 డిగ్రీల ఎత్తునకే వచ్చును. వేయి మీటర్ల కొండ అప్పుడు సుమారు 1,400 మీటర్ల నీడను వేయును. నడిరేయి సూర్యుడు 11 డిగ్రీల ఎత్తున నుండగా ఆ కొండనీడయే ఐదు కిలోమీటర్లు సాగును. నీడలోని నేలయు నలుపే. తడి, ఱాయి, నీడ యను మూడును ఒకే రంగున నుండగా ఎట్లు వేఱుచేయవలెను?

ఒక్క చిత్రముతో వేఱుచేయలేము, వరుస చిత్రములతో చేయగలము. ఱాయి నవంబరులోను నలుపే, జనవరిలోను నలుపే, మార్చిలోను నలుపే. నీడ సూర్యుని ననుసరించి పోవును. కొండ ఎత్తును, సూర్యుడున్న దిక్కును తెలిసినచో నీడ ఎక్కడ పడవలెనో ముందుగనే లెక్కకట్టవచ్చును. నవంబరులో తెల్లగానుండి, డిసెంబరున నల్లబడి, జనవరి చివర మరల వెలిసినది మాత్రమే తడి. చేనును ఒక్కసారి చూచి మాటాడు బాటసారికిని, నాటునుండి కోత వఱకు చూచు రైతునకును గల భేదమే యిది. ల్యాండ్‌శాట్ అను ఉపగ్రహముల వరుస 1972లో ప్రారంభమై నేటికిని తెగలేదు. ఇప్పుడు తిరుగుచున్న ఎనిమిదవది, తొమ్మిదవది కలసి భూమిపై నొకేచోటికి ఎనిమిది దినముల కొకసారి వచ్చును. ధ్రువముల దగ్గఱ ఉపగ్రహముల దారులు, బండిచక్రపు ఆకులు కుండవద్ద చేరినట్లు, దగ్గఱపడుటచేత ఆ లోయలకు ఇంకను తఱచుగా చిత్రములు దొరకును.

ఇక గడి పరిమాణమును గుఱించి కొంచెము నిలిచి చెప్పవలెను; మా యెఱుకలో రైతులును, అధికారులును కూడ ఎక్కువగా పొరబడు చోటిదియే. ఉపగ్రహచిత్రము నేత బట్టవలె గడులుగా నుండును. ఒక్కొక్క గడికి ఒక్కటే అంకె. ల్యాండ్‌శాట్ గడి 30 మీటర్ల చదరము, అనగా సుమారు 22 సెంట్లు. యూరపువారి సెంటినెల్-2 గడి 10 మీటర్లు, రెండున్నర సెంట్లు. వరల్డ్‌వ్యూ అను ప్రైవేటు ఉపగ్రహముల గడి అరమీటరునకు లోపలనే. తేమజాడ మూడు మీటర్ల వెడల్పుగలది యనుకొందము. అది ల్యాండ్‌శాట్ గడిలో ఈ కొననుండి ఆ కొనకు పాఱినను, ఆ గడిలో పదవవంతే. తక్కిన తొమ్మిది పాళ్లు ఎండినేల. గడి అంకె ఆ రెండింటి సగటు. తొమ్మిదిమంది పస్తున్న యింట ఒక్కడు భుజించినను సగటున ఆ ఇల్లు కొంచెము తిన్నదని వ్రాయునట్లుండును. నేల తేమను కొలుచుటకనియే 2015లో పంపబడిన స్మాప్ అను ఉపగ్రహము మఱింత విచిత్రము. తేమవిషయమున దాని చూపు మంచిదే గాని, గడి సుమారు 40 కిలోమీటర్లు. టేలరు లోయ యంతయు, కొండలును, హిమానీనదములును, ప్రక్కనున్న సముద్రమును సహా ఒక్క గడిలో మునిగిపోవును.

ఈ మాట మన చేలకును తగులును. 2016లో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన కరవు నిర్వహణ గ్రంథమున, వాన, పంట విస్తీర్ణములతోపాటు ఉపగ్రహము తెలుపు పచ్చదనపు సూచికయు, నీటిసూచికయు పరిగణింపబడుచున్నవి. అక్కడి నీటిసూచిక పైరు ఆకులలోని తేమకై వేఱు కిరణములతో కట్టినది; అయినను తీసివేత, భాగహారముల పద్ధతి మనము పైన చేసినట్టిదే. పెద్ద గడిలో ఒక బోరు క్రింది రెండెకరముల వరి పచ్చగా నుండి, చుట్టును వేరుసెనగ మాడియున్నచో, సగటు ఆ మాడినదానిని కొంత మఱుగుపఱచును. గట్లపై తుమ్మచెట్లున్నను అట్లే. అందుచేతనే ఆ గ్రంథము కొన్ని గ్రామములను ఎంచి పొలము పరీక్ష చేయవలెనని విధించినది. పరీక్షకులు వచ్చిన దినమున సంఘ కార్యదర్శియు, ఇద్దఱు ముగ్గురు రైతులును వెంటనుండి, బోరు క్రింది చేలనే గాక మెట్టచేలను గూడ చూపవలెను. ఏ తేదీ చిత్రము, ఎంత గడి యని మర్యాదగా అడిగి తెలిసికొనవచ్చును. కేవలము రోడ్డుప్రక్కన జీపు ఆగినచోటనే పరీక్ష ముగియుట మంచిది కాదు.

తిరిగి లోయలకు పోదము. పైన చెప్పిన నీటిసూచికతో పొడిలోయల పటమును వ్రాసినచో ఒక వింత కలుగును. అన్నిటికంటె ఎక్కువ నీరున్న సరస్సులే పటమున నీరుగా కనబడవు! పైన మూడు నాలుగు మీటర్ల మంచుపలక యుండుటచేత సూచిక దానిని మంచని వ్రాయును. ఒడ్డున కందకపు నీరు మాత్రము సన్నని దారమువలె కనబడును. కావున సరస్సులకు వేఱు కొలత కావలెను. 2018 సెప్టెంబరులో ఎగసిన ఐస్‌శాట్-2 అను ఉపగ్రహము ఆకుపచ్చని లేసరు వెలుతురును సెకనుకు పదివేల మాఱులు క్రిందికి కొట్టి, అది పోయి వచ్చుటకు పట్టిన కాలమునుబట్టి నేల ఎత్తును కొలుచును. సరస్సు మంచుపలక నీటిపై తేలునది కావున, పలక ఎత్తు పెరిగిన నీటిమట్టము పెరిగినట్లే. బావిలో తేలుకొయ్య వేసి మట్టమును చూచుట యెట్లో ఇదియు నట్లే.

ఈ మట్టముల కథ వినదగినది. 1980లనుండి 2000 వఱకు ఆ లోయలు కొంత చల్లబడి, హిమానీనదములు తక్కువగా కరగి, సరస్సులు తగ్గుచు వచ్చెను. 2001-02 వేసవిలో ఎండ కాసి, వెచ్చనిగాలి వీచి, వాగులు పొర్లిపాఱెను. పదునాలుగేండ్లకు పైగా తగ్గిన మట్టము ఆ ఒక్క వేసవిలో తిరిగి చేరెను. సగటులను మాత్రమే చూచి చెఱువును లెక్కించువారికి ఇట్టి సంవత్సరము లెక్కలో అందదు.

అంతకంటెను కలవరపఱచు సంగతి 2022 మార్చిలో జరిగెను. మార్చి అక్కడ శరత్కాలము. వేసవి కరుగుదల ముమ్మరముగా నుండు కాలము దాటి రెండు నెలలు గడచినది. నులిపురుగులు, పాచి, నాచు అన్నియు ఎండి, చలికి సిద్ధమై ముడుచుకొని యున్నవి. లోయలలో మనుష్యులు లేరు. మార్చి 18వ తేదీన ఉష్ణము ఆ దినపు సగటుకంటె దాదాపు 30 డిగ్రీలు హెచ్చి సున్నను దాటెను. నేల కరగి తడిసెను. ఎవరు చూచిరి? ఉపగ్రహ చిత్రములలో ఆ కాలమున ఉండరాని నలుపు కనబడెను. వాగులవద్ద అమర్చిన తమంతట కొలుచు నీటికొలత యంత్రములును ప్రవాహమును వ్రాసికొనెను. పిదప మరల చలి వచ్చి అంతయు గడ్డకట్టెను. ఎండి నిద్రించుచున్న జీవులు నీటిని త్రాగి లేచుటకు చాలినంత తేమ ఆ దినములలో కలిగియుండునని శాస్త్రజ్ఞులు తేల్చిరి. లేచిన వెంటనే గడ్డకట్టుట వానికి క్షేమము కాదు. కుప్ప వేసిన వరిపై వాన కురిసి, వెన్నుపైననే మొలకెత్తిన గింజలను చూచినవారికి అకాలపు తడి యెట్టిదో మేము చెప్పవలెనా? తడి ఎంత యనునది యొక ప్రశ్న. ఎప్పుడు అనునది వేఱొక ప్రశ్న. తేదీలు లేని నీటిపటము సగము పటమే.

పటమును వ్రాసిన తరువాత నేలతో సరిపోల్చవలెను. శాస్త్రజ్ఞులు పటమున తడి యని, పొడి యని వ్రాసిన చోట్లను ఎంచి, త్రవ్వి, మట్టిని డబ్బాలో మూతవేసి తెచ్చి తూచి, 105 డిగ్రీల వేడిలో ఎండబెట్టి మరల తూచుదురు. తడిమట్టి 110 గ్రాములై ఎండిన తరువాత 100 అయినచో తేమ నూటికి 10. పొడిలోయల మామూలు నేలలో ఇది 5 లోపు. మన నల్లరేగడిలో పైరు వడలి చచ్చు వేళకు సైతము దానికంటె చాల హెచ్చు తేమ మిగిలియుండును. మట్టి పట్టుకొని యుండుటచేత వేరునకు అందదంతే. కావున తేమ అంకె ఒక్కటే చాలదు, మట్టి యెట్టిదో తెలియవలెను. ఈ త్రవ్వి తూచుట లేనిదే ఆకాశపు లెక్క ఎంత యందమైనదైనను తనిఖీ కాని పద్దువంటిది.

వెలుతురుపై ఆధారపడిన ఉపగ్రహములకు ఒక పెద్ద కొఱత కలదు. ఆ లోయలలో సుమారు నాలుగు నెలలు సూర్యుడే ఉదయింపడు. మబ్బు పట్టినను అవి చూడలేవు. రాడారు ఉపగ్రహము తన దీపమును తానే తెచ్చుకొనును. అది రేడియో తరంగమును క్రిందికి పంపి ప్రతిధ్వనిని వినును. చీకటి, మబ్బు దానికి అడ్డు కావు. ఎండినేలకంటె తడినేలనుండి ప్రతిధ్వని బలముగా వచ్చును. అయితే నిశ్చలమైన మడుగునీరు అద్దమువలె తరంగమును ఆవలికి త్రోసివేయుటచేత నల్లగా కనబడును. కరగుచున్న తడిమంచును నల్లగానే కనబడును. ఇంకొక సంగతి: నీరు గడ్డకట్టినచో రాడారునకు అది దాదాపు ఎండినేలతో సమానము. ఇది మొదట లోపమువలె తోచును గాని, నేల యే దినమున కరగెనో, యే దినమున మరల గడ్డకట్టెనో తెలిసికొనుటకు ఇదియే సాధనము.

మన దేశమునకు అంటార్కిటికా నీటితో స్వంతమైన సంబంధము కలదు. షిర్మాఖర్ ఒయాసిస్ అను మంచులేని ఱాతినేలపై 1989నుండి మైత్రి యను భారత కేంద్రము పనిచేయుచున్నది. ఆ ఒయాసిస్సు సుమారు 35 చదరపు కిలోమీటర్లు, అందులో నూటికి పైగా సరస్సులు. మైత్రివారు త్రాగునది వానిలో ప్రియదర్శిని యను సరస్సు నీరే. రెండవ కేంద్రమైన భారతి 2012లో లార్సెమన్ కొండలలో నెలకొనినది. ఆ కొండలలోని సరస్సులను గోవాయందలి జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రపు శాస్త్రజ్ఞులు వరల్డ్‌వ్యూ చిత్రములతో, పైన చెప్పిన నీటిసూచికను ఆ మంచునేలకు తగినట్లు సవరించి, గుర్తించిరి. భారతివద్దనే 2013లో ఉపగ్రహ సమాచారమును గ్రహించు స్థానమొకటి వెలసినది. అక్కడ పట్టిన సమాచారము హైదరాబాదు చేరువనున్న షాద్‌నగరమునకు వచ్చును. ధ్రువముమీదుగా తిరుగు ఉపగ్రహములు ప్రతి చుట్టును ఆ దిక్కుగా పోవును గనుక, భారతదేశముపైకి వచ్చు వఱకు వేచియుండనక్కఱలేదు.

2025 జూలై 30వ తేదీన మన తిరుపతి జిల్లాలోని శ్రీహరికోటనుండి నైసార్ అను రాడారు ఉపగ్రహము ఎగసెను. ఇది భారత, అమెరికా అంతరిక్షసంస్థలు కలసి చేసినది. దానిలో రెండు రాడారులున్నవి. ఒకదాని తరంగము 24 సెంటీమీటర్లు, అది ఎండినేలలోనికి కొంత లోతువఱకు దిగి తిరిగివచ్చును. పండ్రెండు దినముల కొకసారి ఒకేచోటికి అదే కోణమున వచ్చును. నేల తేమయు, మంచు కదలికయు దాని పనులలోనివి. పొడిలోయల దీర్ఘరాత్రియందు కూడ నేల కరగినదా లేదా యని చూచుటకును, మన మెట్టచేల తేమను చూచుటకును అదే యంత్రము, అదే తరంగము.

మట్టిని తూచి తేమను కట్టు పనిని మన సంఘపు తక్కెడతోను, ఇంటి పొయ్యిపై ఇనుప పెనముతోను ఎట్లు చేయవచ్చునో వచ్చు సంచికలో వ్రాయుదుము. కావలసినవారు ఈలోగా తమ చేనినుండి జానెడు లోతున తీసిన మట్టిని మూతగల డబ్బాలో పోసి, తేదీయు, చేని పేరును వ్రాసి, సంఘ కార్యాలయమునకు తెచ్చి యుంచవచ్చును.